బలముంది - బాట చూపేవారేరీ?



ట్రయాథ్లాన్ అన్న మాట వినగానే మన క్యాంటీన్‌లో వచ్చే జవాబు ఒకటే: "అది పైసలున్నోళ్ల ఆట, మనకెందుకు?" ఆ జవాబులో కొంత నిజం లేకపోలేదు. ఆదివారం తెల్లవారుజామున ఔటర్ రింగు రోడ్డు దిక్కు వెళ్లి నిలబడితే ఆ నిజం కళ్లారా కనిపిస్తుంది. మా నాయిన పత్తి చేను మీద ఏడాదంతా కష్టపడినా చూడని సొమ్ము అక్కడ రెండు చక్రాల మీద దొర్లిపోతూ ఉంటుంది. అయినా సరే, అది మన ఆట కాదంటే ఒప్పుకోవడానికి నా మనసు రావడం లేదు. ఈదడం, సైకిలు తొక్కడం, ఉరకడం - ఈ మూడింటిలో మన పల్లెలకు కొత్తది ఏదో చెప్పండి! వీపుకు బెండు కట్టుకొని బాయిలో దుంకినవాళ్లం మనం. పాల క్యాన్లు కట్టిన సైకిలు మీద బస్తీకి పోయి, అదే సైకిలు మీద కాలేజీకి వచ్చినవాళ్లం మనం. తప్పించుకున్న లేగదూడ వెనుక గట్లెమ్మటి ఉరికినవాళ్లం మనం.

మరి మనకు లేనిదేమిటి? బలం కాదు. ఆ బలానికి లెక్క చెప్పే గురువు లేడు. ఈ నాలుగు మాటలు చెప్పడానికే ఈ వ్యాసం.

ఈ ఆట పుట్టుక

కొంచెం చరిత్ర చెప్పుకుందాం. ట్రయాథ్లాన్ అంటే ఈత, సైకిలు, పరుగు మూడూ మధ్యలో విరామం లేకుండా ఒకదాని వెంట ఒకటి పూర్తి చేయడం. 1974లో అమెరికాలోని శాన్ డియాగోలో ఇది మొదలైంది. తరువాత హవాయి దీవుల్లో కొందరికి ఒక వాదులాట వచ్చింది. ఈతగాడు గట్టివాడా, సైకిలు తొక్కేవాడా, ఉరికేవాడా? తేల్చుకుందామని 1978 ఫిబ్రవరిలో మూడింటినీ కలిపి, 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిలు, 42.2 కిలోమీటర్ల పరుగు పెట్టుకున్నారు. బయలుదేరినవారు 15 మంది, పూర్తి చేసినవారు 12 మంది. గెలిచిన గోర్డన్ హాలర్ వృత్తిరీత్యా టాక్సీ డ్రైవరు! అంటే పుట్టుకలో ఇది ధనవంతుల ఆట కానే కాదన్నమాట. దీన్నే ఐరన్‌మ్యాన్ అంటున్నారు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 1.5 కిలోమీటర్ల ఈత, 40 కిలోమీటర్ల సైకిలు, 10 కిలోమీటర్ల పరుగుతో ట్రయాథ్లాన్‌కు చోటు దొరికింది. మన దేశంలో 2019 అక్టోబరులో గోవాలో సగం దూరపు ఐరన్‌మ్యాన్ జరిగింది. అందులో మొదట నిలిచినవాడు మన సైన్యానికి చెందిన బిశ్వర్జీత్ సైఖోమ్. పాల్గొన్నవారిలో ఎక్కువమంది ఉద్యోగాలు చేసుకుంటూ తెల్లవారుజామున సాధన చేసే ఔత్సాహికులే. ఎనిమిదిన్నర గంటల్లోగా గీత దాటితే చాలు, మెడల్ మెడలో పడుతుంది.

మా ఫలితాలు

ఇక మా సంగతి. నిరుడు వానాకాలంలో మేము నలుగురం ఒక కోచ్ చేతిలో పడ్డాం. ఆయన సైన్యంలో పనిచేసి రిటైరై, ఇప్పుడు పాశమైలారం వైపు ఒక ఫ్యాక్టరీలో సెక్యూరిటీ చూసుకుంటున్నారు. పేరు అచ్చు వేయవద్దన్నారు కనుక వేయడం లేదు. ఫీజు అడగలేదు. అడిగింది ఒక్కటే - రోజూ చేసింది నోటుబుక్కులో రాయమన్నారు. "రాయనిది చేయనట్టే లెక్క" అన్నది ఆయన మొదటి పాఠం. సైన్సు విద్యార్థులం, రికార్డులు రాయడం మనకు కొత్త కాదు గదా!

మొదటి వారంలోనే మాకు చిన్న ట్రయాథ్లాన్ పరీక్ష పెట్టారు. 750 మీటర్ల ఈత అంటే 25 మీటర్ల కొలనులో 30 సార్లు. ఆపైన 20 కిలోమీటర్ల సైకిలు, 5 కిలోమీటర్ల పరుగు. నాకు ఈతకు 28 నిమిషాలు, సైకిలుకు 60, పరుగుకు 37, బట్టలు బూట్లు మార్చుకోవడానికి 6 పట్టాయి. మొత్తం 2 గంటల 11 నిమిషాలు. నాలుగు నెలల తరువాత డిసెంబరులో అదే కొలను, అదే తొవ్వ, అదే పాత సైకిలు. ఈత 22, సైకిలు 54, పరుగు 29, మార్పులకు 4. మొత్తం గంటా 49 నిమిషాలు. 22 నిమిషాలు మిగిలాయి. జహీరాబాదు వైపు చెరకు రైతు కొడుకు ఒకడు నాకంటే మూడు నిమిషాలు ముందే గీత దాటాడు. జువాలజీ చదివే మా క్లాస్‌మేటు ఒకామె ఆగస్టులో నీళ్లలో ముఖం పెట్టడానికే జంకింది. డిసెంబరులో 400 మీటర్లు ఆగకుండా ఈది, మిగతా రెండు అంశాలూ పూర్తి దూరం చేసింది. నా దృష్టిలో ఆ రోజు అసలు మెడల్ ఆమెదే. వాళ్ల అన్నకు పదేళ్లకే బాయిలో ఈత నేర్పిన ఇంట్లో ఈమెను బాయి గడ్డకు కూడా రానీయలేదు. ఆడపిల్లకు ఈత రాకపోవడం ఆమె లోపమా, మన లోపమా అని పెద్దలు ఆలోచించాలి.

నాలుగోవాడు? వాడు పందెంలో లేడు. ఆ సంగతి తరువాత చెబుతాను.

నేర్చుకున్నదేమిటి?

మొదటి పాఠం - నెమ్మది. "ఉరుకుడు అందరికి ఒస్తది బిడ్డా, ఆపుకొని ఉరుకుడే నేర్సుకోవాలె" అనేవారు కోచ్. మన సాధనలో ఎక్కువ భాగం పక్కవాడితో మాట్లాడుతూ చేయగలిగినంత నెమ్మదిగా ఉండాలట. ఇది వినడానికి విడ్డూరంగా ఉంటుంది గానీ సేద్యం తెలిసినవారికి కొత్త కాదు. మొదటి సాలులోనే ఎడ్లను అదిలించి తోలితే పొద్దు గూకేదాకా అవి దున్నుతాయా?

దీనికి మన ఫిజిక్సు కూడా సాక్ష్యం చెబుతుంది. సైకిలు తొక్కేటప్పుడు గాలి అడ్డుకునే బలం వేగం యొక్క వర్గంతో పెరుగుతుంది. ఆ గాలిని నెట్టడానికి మనం పెట్టే సామర్థ్యం వేగం యొక్క ఘనంతో పెరుగుతుంది. గంటకు 20 కిలోమీటర్లు పోయేవాడు 25 కావాలనుకుంటే వేగం పెరిగింది నాలుగో వంతే. గాలికి కట్టే కప్పం మాత్రం దాదాపు రెట్టింపు! అందుకే కాసేపు దూకుడు, కాసేపు నీరసం కాకుండా ఒకే తీరుగా తొక్కేవాడు తక్కువ ఖర్చుతో ఎక్కువ దూరం పోతాడు. నా లెక్కలు మళ్లీ చూడండి. అన్నిటికంటే ఎక్కువగా, 8 నిమిషాలు మిగిలింది పరుగులో. కానీ ఆ 8 నిమిషాలు నేను పరుగులో సంపాదించినవి కావు. సైకిలు మీద పొదుపు చేసుకున్నవి.

ఈతలోనూ ఇదే న్యాయం. గాలికంటే నీరు సుమారు 800 రెట్లు చిక్కన. బాయి ఈతలో తల పైకెత్తి, కాళ్లు కిందికి వేలాడేసి చేతులతో నీళ్లను బాదుతాం. బతికి బయటపడటానికి ఆ ఈత చాలు. దూరం పోవడానికి చాలదు. తల దించితే కాళ్లు తేలుతాయి, కాళ్లు తేలితే నీటికి అడ్డు తగ్గుతుంది. ఇంత చిన్న సంగతి చెప్పేవారు లేక ఎందరు గజ ఈతగాళ్లు మన ఊళ్లలోనే ఉండిపోయారో!

రెండో పాఠం - తిండి, నీళ్లు. 1978 నాటి ఆ హవాయి పందెంలో ముందు పోతున్న జాన్ డన్‌బార్‌కు సహాయకుల దగ్గర నీళ్లు అయిపోయి బీరు ఇచ్చారట. ఆయన రెండో స్థానంతో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఎంత మొనగాడికైనా ఒంట్లో దాచుకున్న పిండిపదార్థం కొన్ని గంటలకు మించి రాదు. కోచ్ మాకు విదేశీ పొట్లాలేవీ చెప్పలేదు. పొద్దుగాల జొన్న అంబలి, దారిలో అరటిపండు, బెల్లం-ఉప్పు కలిపిన నిమ్మరసం, వచ్చాక పల్లీలు, గుడ్డు. 1972లో ఇక్రిశాట్ వెలసిన పటాన్‌చెరు మనది. ప్రపంచంలోని మెట్ట పొలాల కోసం జొన్న, సజ్జ, శనగ, కంది, పల్లీల మీద పరిశోధన జరిగే గడ్డ. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది కూడా. అయినా మన హాస్టలు మెస్సులో మాత్రం పాలిష్ బియ్యపు అన్నం, నీళ్ల చారు. దీపం కింద చీకటి అంటే ఇదే కాదూ?

మూడో పాఠం - విశ్రాంతి. నన్ను అన్నిటికంటే ఆలోచింపజేసింది ఇదే. కండరం సాధన చేసేటప్పుడు పెరగదు, నిద్రలో పెరుగుతుంది. నాలుగు వారాలకు ఒక వారం సాధన తగ్గించేవారు కోచ్. ఎందుకని అడిగితే, "మీ నాయిన చెల్క పడావు పెట్టడా? గదే ఇది" అన్నారు. ఒక ఏడు పడావు ఉన్న భూమి సోమరిదని ఏ రైతూ అనడు. మరి మనిషి పడుకుంటే సోమరి అని ఎందుకంటాం?

పని వేరు, సాధన వేరు

ఇక్కడే ఒక అపోహను తొలగించుకోవాలి. "పొద్దంత చేన్ల పని చేసెటోనికి మళ్ల ఎక్సర్‌సైజేందిరా?" అని మా నాయిన అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఫ్యాక్టరీకి సైకిలు మీద పోయే కార్మికుడూ ఇదే అడుగుతాడు. జవాబు ఏమిటంటే - పని అయిపోయినప్పుడు పని ఆగుతుంది. ఒళ్లు ఇక చాలు అన్నప్పుడు సాధన ఆగుతుంది. పని ఒంటిని వాడుకుంటుంది, సాధన ఒంటిని కూడబెడుతుంది. నలభై ఏళ్లు నాగలి పట్టిన మనిషి మోకాళ్లు పట్టుకొని కూచోవడానికీ, నలభై ఏళ్ల వయసులో పరుగు మొదలుపెట్టిన ఆఫీసరు గారు హుషారుగా మెట్లెక్కడానికీ మధ్య తేడా బలంలో లేదు. విశ్రాంతిలో ఉంది, తిండిలో ఉంది, కొలతలో ఉంది.

మా నాలుగోవాని సంగతి చెబుతానన్నాను కదా. వాడు మా అందరిలోకీ గట్టివాడు. పగలు కాలేజీ, వారానికి మూడు నాలుగు రాత్రులు ఒక ప్యాకింగ్ సెక్షన్‌లో కాంట్రాక్టు డ్యూటీ. చెల్లె చదువు వాని మీదే ఉంది. నెల తిరిగేసరికి నోటుబుక్కులో వాని నిద్ర గంటలు చూసి కోచ్ సాధన ఆపించారు. "నిద్ర లేనోనికి నేను నేర్పితే, నేర్పినట్టు గాదు బిడ్డా, పాణం తీసినట్టు" అన్నారు. డిసెంబరు పందెం నాడు వాడు స్టాప్‌వాచీ పట్టుకొని గీత దగ్గర నిలబడ్డాడు. మా అందరి ఫలితాలూ వాని చేతిరాతలోనే ఉన్నాయి. వాని ఫలితం మాత్రం లేదు.

ఈ ఆటలో ధనిక, పేద తేడా సైకిలు ధరలో ఉందని చాలామంది అనుకుంటారు. నాకు అలా అనిపించడం లేదు. పాత సైకిలు మీద కూడా గీత దాటవచ్చు, దాటాం. అసలు తేడా నిద్రలో ఉంది. ఎనిమిది గంటల పని, ఎనిమిది గంటల విశ్రాంతి అన్న పాత నినాదం పోస్టర్లలో వెలిసిపోయి ఉండవచ్చు గానీ, ఏ కోచ్ నోటుబుక్కు తెరిచినా అదే మాట కనిపిస్తుంది.

నీళ్లేవి? తొవ్వేది?

రెండో అడ్డంకి మన పరిసరాలు. చెరువుల పేరుతోనే ఊరి పేరున్న ప్రాంతం మనది. మరి ఈదడానికి చెరువేది? నక్కవాగు గతి అందరికీ తెలిసిందే. పటాన్‌చెరు, బొల్లారం కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో వ్యాజ్యం పడింది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని పారిశ్రామిక వాడలకు మార్కులు వేస్తే, పటాన్‌చెరు-బొల్లారం 70 దాటి తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాకెక్కింది. ఎక్కువ మార్కులు వస్తే తప్పినట్టయ్యే పరీక్ష అదొక్కటే! పోనీ మంజీరకు పోదామా అంటే, సంగారెడ్డి దగ్గర అది 1978 నుంచి వన్యప్రాణి అభయారణ్యం. మొసళ్లకు నిలయం, పట్నానికి తాగునీరు. మొసళ్లతో పోటీ పడితే ఈత వేగం పెరుగుతుందేమో గానీ తిరిగి వచ్చే పూచీ లేదు. మోటబావులు బోర్లకు దారి ఇచ్చి పూడిపోయాయి. ఈత రాని పిల్లలు ఎండాకాలం క్వారీ గుంతల్లో దిగి ప్రాణాలు పోగొట్టుకున్న వార్తలు చదువుతూనే ఉన్నాం. కనుక ఈత నేర్పడం ఆటల విషయం మాత్రమే కాదు, ప్రాణాల విషయం.

సైకిలు తొవ్వ మాటేమిటి? 2023 అక్టోబరులో ఔటర్ పక్కన 23 కిలోమీటర్ల సోలార్ కప్పుతో సైకిల్ ట్రాకు తెరిచారు. అందులో ఒక పాయ నార్సింగి నుంచి కొల్లూరు దాకా వస్తుంది. కొల్లూరు మన సంగారెడ్డి జిల్లాలోదే. మంచిదే, సంతోషమే. అయితే నిజంగా బతుకు కోసం సైకిలు తొక్కేవారు ఉన్న చోట, ఇస్నాపూర్, రుద్రారం, పాశమైలారం దిక్కు, లారీల నడుమ ప్రాణాలు అరచేత పెట్టుకొని పోవలసిందేనా? వ్యాయామం కోసం తొక్కేవానికి నీడ, కూలి కోసం తొక్కేవానికి లారీ దుమ్ము. ఇది సమంజసమేనా అని అడగడం తప్పు కాదనుకుంటాను.

గురువు ఉంటే ఏమవుతుంది?

వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన దీప్తి జీవాంజి వ్యవసాయ కూలీల బిడ్డ. ఆమె పరుగును మొదట గుర్తించింది బడిలోని వ్యాయామ ఉపాధ్యాయుడు. తరువాత 2016లో ద్రోణాచార్య అవార్డు అందుకున్న నాగపురి రమేశ్ గారి శిక్షణలో ఆమె 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చింది. మనకు దగ్గరలోని నార్సింగి గురుకులంలో చదివిన నందిని అగసర 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో హెప్టాథ్లాన్‌లో కాంస్యం గెలిచింది. ఏడు అంశాల పోటీ అది! ఔత్సాహికుల సంగతికి వస్తే, నడివయసులో ఈత నేర్చుకున్న హైదరాబాదు మహిళ గోలి శ్యామల 2021 మార్చిలో పాక్ జలసంధిని, సుమారు 30 కిలోమీటర్ల సముద్రాన్ని, పదమూడు గంటలకు పైగా ఈది దాటారు. వీరిని ఆకాశం నుంచి ఊడిపడ్డవారిగా చూస్తే మనం ఏమీ నేర్చుకోనట్టే. సరైన సమయంలో సరైన మనిషి పక్కన నిలబడి, "ఇట్ల గాదు, ఇట్ల" అని చెప్పడం వల్ల వచ్చిన ఫలితాలివి.

యూనియన్‌కు, పెద్దలకు మనవి

ఏటా మన స్పోర్ట్స్ వీక్ జరుగుతుంది. షామియానా, మైకు, కప్పులు, దండలు. గెలిచేవాడు ఏ శిక్షణా లేకుండా గెలుస్తాడు, ఓడేవాడు ఎందుకు ఓడాడో తెలియకుండా ఓడతాడు. ఏడు రోజుల తరువాత గ్రౌండులో మళ్లీ గడ్డి మొలుస్తుంది. దీనిని క్రీడాభివృద్ధి అందామా?

నా మనవి నాలుగు ముక్కల్లో చెబుతాను. ఒకటి - కప్పుల ఖర్చు కొంత తగ్గించి, వారానికి మూడు పొద్దులు వచ్చే కోచ్ ఒకరికి గౌరవ వేతనం ఇవ్వండి. మన ఫ్యాక్టరీ వాడల్లో రిటైరైన సైనికులు, పాత క్రీడాకారులు ఎందరో ఉన్నారు. అడిగేవారే లేరు. రెండు - దగ్గరలోని టౌన్‌షిప్పులతో మాట్లాడి వారి ఈతకొలనును విద్యార్థులకు, అందులో ఒక వేళ ప్రత్యేకించి అమ్మాయిలకు, ఇప్పించండి. 2002 జాతీయ క్రీడల పుణ్యమా అని గచ్చిబౌలిలో అంత పెద్ద కొలను ఉంది గానీ, పొద్దున్నే అక్కడికి పోయి తొమ్మిదిన్నరకు ప్రాక్టికల్స్‌కు రావడం సాధ్యం కాదు. మూడు - గ్రంథాలయంలో అటెండెన్సు రిజిస్టరు ఉన్నట్టే గ్రౌండులో ఒక ఫలితాల రిజిస్టరు పెట్టండి. పదేళ్ల తరువాత వచ్చే తమ్ముళ్లు, చెల్లెళ్లు మన అంకెలు చూసి నవ్వుకోవాలి, అంతకు మించి ఉరకాలి. నాలుగు - రాత్రి డ్యూటీలు చేసి చదువుకునే విద్యార్థులు ఎందరున్నారో యూనియన్ లెక్క తీయాలి. వారికి స్కాలర్‌షిప్పు సకాలంలో అందితే ఒక్క రాత్రి నిద్ర అయినా దక్కుతుంది. పూర్వ విద్యార్థుల్లో పరిశ్రమలు నడిపేవారూ ఉన్నారు. ఒక్కొక్కరు ఒక్క విద్యార్థి రాత్రి డ్యూటీని మాన్పించగలిగితే, అది వంద కప్పుల పెట్టు.

ట్రయాథ్లాన్‌లో అందరికీ తెలిసిన నాలుగో అంశం ఒకటుంది. నీళ్లలోంచి వచ్చి సైకిలు ఎక్కే దాకా, సైకిలు దిగి పరుగు అందుకునే దాకా పట్టే ఆ కాస్త సమయం. అక్కడ ఎవరూ చప్పట్లు కొట్టరు. కానీ గడియారం ఆగదు. పల్లె నుంచి పట్నానికి, పొలం నుంచి ఫ్యాక్టరీకి మారుతున్న మన ఈ ప్రాంతం సరిగ్గా ఆ నడుమ జాగాలోనే ఉంది. తడి బట్టలు ఇంకా ఆరలేదు, కొత్త బూట్లు ఇంకా తొడగలేదు. ఈ సమయంలో పక్కన నిలబడి దారి చెప్పేవారు కావాలి. బలం మా దగ్గర ఉంది. బాట చూపే బాధ్యత మాత్రం, పెద్దలారా, మీది కూడా.

వచ్చే డిసెంబరులో మళ్లీ పరీక్ష పెట్టుకుంటున్నాం. నోటుబుక్కు, పెన్ను తెచ్చుకొని రండి. స్టాప్‌వాచీ పట్టుకోవడానికి ఈసారి ఇంకెవరైనా కావాలి. ఎందుకంటే మా నాలుగోవాడు కూడా నీళ్లలో దిగాలన్నదే మా అందరి పంతం.